తుంటికి పెట్టిన కొత్త కీలు ఎన్నేళ్లు మన్నుతుంది?

మార్పిడి చేసిన ప్రతి 100 తుంటి కీళ్లలో 89 పదిహేనేళ్ల తరువాత కూడా పెట్టినవి పెట్టినట్టే పనిచేస్తుంటాయి. ఇరవై ఏళ్లకు ఆ సంఖ్య 70కి, పాతికేళ్లకు 58కి దిగుతుంది. ‘ది లాన్సెట్’ వైద్య పత్రిక 2019లో ప్రచురించిన లెక్క ఇది. ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ దేశాలు దశాబ్దాలుగా రాసి ఉంచిన ఆపరేషన్ల చిట్టాలు దీనికి ఆధారం. పంజాగుట్ట నిమ్స్‌లోనైనా, బేగంపేటలో కీళ్ల మార్పిడికి పేరుపడిన కిమ్స్-సన్‌షైన్ ఆస్పత్రిలోనైనా, ఆపరేషన్‌కు ముందు ఇంటివాళ్లు ‘ఎన్నేళ్లు వస్తుంది?’ అని అడగడం మామూలే. ఆ ప్రశ్నకు ప్రస్తుతం ఉన్న స్థూలమైన జవాబు ఈ మూడు అంకెలు.

వీటిని చదవడంలో రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, ఈ లెక్కల్లో కీలు ‘పోయింది’ అంటే దాన్ని తీసి మరొకటి పెట్టారని మాత్రమే అర్థం. నొప్పి ఉన్నా, రెండో ఆపరేషన్‌కు ఒళ్లు సహకరించక ఊరుకున్న ముసలివాళ్ల కీలు లెక్క ప్రకారం బాగున్నట్టే. రెండు, పాతికేళ్ల లెక్క 1990లలో, అంతకుముందు పెట్టిన కీళ్లకు చెందినది. అప్పటి ప్లాస్టిక్ స్థానంలో ఇప్పుడు మేలు రకం వచ్చింది. ఈ రోజు పెట్టే కీలు ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుందని నమ్మడానికి కారణాలున్నాయి. అయితే పాతికేళ్ల రుజువు కావాలంటే పాతికేళ్లు గడవాల్సిందే.

కీలులో ఏముంటుంది

తొడ ఎముక పైకొన బంతిలా ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంది. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. ఆ పొర అరిగిపోయినా, బంతికి రక్తం అందక అది చచ్చుబడి కూలిపోయినా అడుగు తీసి అడుగు వేయడం నరకమవుతుంది. మార్పిడి ఆపరేషన్‌లో పాడైన బంతిని కోసి తీసేస్తారు. తొడ ఎముక బోలులోకి స్టెమ్ అనే లోహపు కాడను దించి, దాని కొసన లోహపు బంతినో సెరామిక్ బంతినో బిగిస్తారు. కటి ఎముక గుంటను చెక్కి లోహపు గిన్నెను కూర్చి, దానిలోపల ప్లాస్టిక్ లేదా సెరామిక్ లైనర్ అమరుస్తారు. బంతి తిరిగేది ఈ లైనర్‌లోనే.

ఈ అమరిక మీద పడే భారం చిన్నది కాదు. నడిచేటప్పుడు తుంటి కీలు మీద ఒంటి బరువుకు రెండున్నర రెట్ల బరువు పడుతుంది. కాలు తట్టుకుని తూలిన క్షణంలో అది ఏడెనిమిది రెట్లకు చేరుతుంది. ఇది ఊహ కాదు. కొలిచే పరికరాలు లోపల అమర్చిన ప్రత్యేక కీళ్లను కొద్దిమంది రోగులకు పెట్టి జర్మనీ పరిశోధకులు రాబట్టిన సంగతి. మామూలుగా తిరిగే మనిషి ఒక్కో కాలితో ఏడాదికి సుమారు పది లక్షల అడుగులు వేస్తాడు. అందుకే ప్రయోగశాలలో కీలును యంత్రానికి బిగించి పది లక్షల సార్లు తిప్పితే ఒక ఏడాది వాడకం అయినట్టు లెక్క వేస్తారు.

టెఫ్లాన్ నుంచి పాలిథీన్‌కు

జర్మన్ సర్జన్ థెమిస్టోక్లెస్ గ్లుక్ 1891 ప్రాంతంలోనే ఏనుగు దంతంతో కృత్రిమ కీళ్లు చేసి చూశాడు. అమెరికాలో ఆస్టిన్ మూర్ 1940లో తొడ ఎముక పైభాగం స్థానంలో లోహపు భాగాన్ని అమర్చాడు. ఆయన పేరుతో ఉన్న కీలును తుంటి విరిగిన వృద్ధులకు మన ఆస్పత్రుల్లో చాలాకాలం వాడారు. అందులో బంతిని మాత్రమే మారుస్తారు, గిన్నె సొంతదే.

బంతినీ గిన్నెనూ కలిపి మార్చే నేటి పద్ధతికి దారి వేసినవాడు ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆస్పత్రి సర్జన్ జాన్ చార్న్లీ. 1950ల చివర ఆయన గిన్నెకు టెఫ్లాన్ ఎంచుకున్నాడు. అంటుకోని నున్నటి పదార్థం కాబట్టి రాపిడి తక్కువ అన్నది ఆయన లెక్క. మొదట్లో రోగులు హాయిగా నడిచారు. రెండు మూడేళ్లు తిరిగేసరికి గిన్నెలు దారుణంగా అరిగిపోయి, ఆ పొడి చుట్టూ కణజాలం గడ్డకట్టింది. దాదాపు 300 మందికి మళ్లీ ఆపరేషన్ అవసరమైంది. 1962లో ఒక సేల్స్‌మన్ మగ్గాల భాగాలకు వాడే గట్టి పాలిథీన్‌ను చార్న్లీ సహాయకుడు హ్యారీ క్రేవెన్‌కు చూపించాడు. చార్న్లీ పెదవి విరిచినా, క్రేవెన్ దాన్ని అరుగుదల యంత్రానికి ఎక్కించాడు. మూడు వారాలు తిప్పినా ఆ ముక్క అరిగింది టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగేదానికంటే తక్కువే. ఆ ఏడాది నవంబరులో పాలిథీన్ గిన్నెతో మొదటి ఆపరేషన్ జరిగింది.

చార్న్లీ కీలు ఎంతకాలం నిలిచిందో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశీలించింది. అక్కడ వరుసగా చేసిన 2,000 ఆపరేషన్లలో పాతికేళ్ల తరువాత తీయాల్సిన అవసరం రాకుండా నిలిచినవి 80.9 శాతం. టెఫ్లాన్ గిన్నెనూ, పాలిథీన్ గిన్నెనూ రూపొందించింది ఒకే సర్జన్, చార్న్లీ. పదార్థం మారినందుకే రెండు మూడేళ్ల ఆయువు పాతికేళ్లయింది.

చార్న్లీ తొలి పాలిథీన్ కీలు పెట్టిన రెండేళ్లకు, 1964లో, పంజాగుట్టలో నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్ తెరుచుకుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ట్రస్టు నిధులతో ఎముకల వైద్యం కోసం కట్టించిన ఆ ఆస్పత్రే తరువాత నిమ్స్ అయింది.

ఎముకను తినేసే పొడి

కీలు పాడవడమంటే గిన్నెకు చిల్లు పడడం అని చాలామంది అనుకుంటారు. అంత దాకా రావడం అరుదు. అసలు నష్టం అరిగిన పొడి వల్ల జరుగుతుంది. పాత రకం పాలిథీన్ లైనర్ ఏడాదికి సుమారు పదో వంతు మిల్లీమీటరు అరిగేది. అంత సన్నని పొరలోంచే కోట్లాది సూక్ష్మ రేణువులు రాలుతాయి. శరీర రక్షక కణాలు వాటిని క్రిములనుకుని మింగుతాయి. మింగిన ప్లాస్టిక్‌ను అవి జీర్ణం చేసుకోలేవు. ఆ కణాలు రెచ్చిపోయి వదిలే రసాయనాలు ఎముకను కరిగించే కణాలను మేల్కొలుపుతాయి. కాడ చుట్టూ, గిన్నె వెనుక ఎముక బొక్కలు పడుతుంది. కీలు వదులవుతుంది. ఇదంతా ఏళ్ల తరబడి నొప్పి లేకుండానే సాగవచ్చు.

దీన్ని మొదట తప్పుగా అర్థం చేసుకున్నారు. ఎముకకు కాడను పట్టించే సిమెంటే ఎముకను తింటోందని భావించి ‘సిమెంట్ జబ్బు’ అన్నారు. సిమెంట్ లేకుండా పెట్టిన కీళ్ల చుట్టూ కూడా అవే బొక్కలు కనిపించాక దోషి పొడి అని తేలింది. పాలిథీన్‌ను గాలి తగిలేలా ఉంచి గామా కిరణాలతో శుద్ధి చేయడం వల్ల అది ఆక్సిజన్‌తో కలిసి పెళుసుబారుతోందని కూడా ఆ తరువాతే బయటపడింది.

పరిష్కారం కూడా గామా కిరణాల్లోనే దొరికింది. ఎక్కువ మోతాదు రేడియేషన్ ఇస్తే పాలిథీన్ గొలుసులు ఒకదానితో ఒకటి అడ్డంగా ముడిపడి గట్టిపడతాయి. తరువాత వేడి చేసి, మిగిలిన చురుకైన అణుశకలాలను అణచివేస్తారు. ఇటీవలి రకాల్లో ఆక్సీకరణ జరగకుండా విటమిన్-ఇ కలుపుతున్నారు. 1990ల చివర వాడకంలోకి వచ్చిన ఈ ‘క్రాస్‌లింక్డ్’ పాలిథీన్ పాతదానిలో సగం కూడా అరగదు. తుంటి మార్పిడి మన్నికను గత పాతికేళ్లలో ఇంతగా పెంచిన మార్పు మరొకటి లేదు. ఇప్పుడు చాలా ఆపరేషన్లలో లైనర్ ఇదే.

సెరామిక్ బంతి లోహపు బంతికంటే నున్నగా ఉంటుంది, గీతలు పడదు. బంతి, లైనర్ రెండూ సెరామిక్ అయితే అరుగుదల అతి తక్కువ. ఇబ్బందులు వేరే ఉన్నాయి. కొద్దిమందిలో నడిచేటప్పుడు కిర్రుమని శబ్దం వస్తుంది. అరుదుగా సెరామిక్ పగులుతుంది, పగిలితే ముక్కలన్నీ ఏరడం సర్జన్‌కు కష్టం. చాలామంది సర్జన్లు సెరామిక్ బంతినీ క్రాస్‌లింక్డ్ లైనర్‌నూ జత చేయడానికి ఇదొక కారణం.

లోహం మీద లోహం

కొత్తదంతా పాతదానికంటే మేలు కాదని చెప్పడానికి డీప్యూ సంస్థ ఏఎస్ఆర్ కీలు ఉదాహరణ. ప్లాస్టిక్ పొడి బెడద లేకుండా చేయాలని బంతినీ గిన్నెనూ కోబాల్ట్-క్రోమియం లోహంతోనే చేశారు. ప్రయోగశాల యంత్రంలో అరుగుదల తక్కువే. యంత్రంలో గిన్నె సరైన కోణంలో ఉంటుంది, మనిషిలో అటూ ఇటూ అవుతుంది. ఏఎస్ఆర్ గిన్నె లోతు తక్కువ కావడంతో బంతి అంచు మీద ఒరిసేది. రాలిన లోహం చుట్టూ ఉన్న కండరాన్ని చంపింది, రక్తంలో కోబాల్ట్, క్రోమియం పాళ్లు పెంచింది. అయిదేళ్లకే సుమారు 12, 13 శాతం కీళ్లను తీయాల్సి వచ్చింది.

2010 ఆగస్టులో జాన్సన్ అండ్ జాన్సన్ గ్రూపుకు చెందిన ఆ సంస్థ ప్రపంచవ్యాప్తంగా ఏఎస్ఆర్‌ను వెనక్కి తీసుకుంది. అప్పటికి సుమారు 93,000 మందికి అవి పెట్టి ఉన్నాయి. భారతదేశంలో దాదాపు 4,700 ఆపరేషన్లు జరిగాయి. కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో డాక్టర్ అరుణ్ అగర్వాల్ అధ్యక్షతన కమిటీ వేసింది. బాధితులకు కనీసం 20 లక్షల రూపాయలు ఇవ్వాలని ఆ కమిటీ 2018లో సూచించింది. తరువాత వైకల్యాన్ని, వయసును బట్టి 30 లక్షల నుంచి 1.23 కోట్ల వరకు పరిహారం లెక్కగట్టారు. ఎవరికి ఆ కీలు పెట్టారో వెతికి పట్టుకోవడం చాలా కష్టమైంది. చిరునామాలు మారాయి, కేస్‌షీట్లు దొరకలేదు.

ఎముక పట్టు

రాపిడి ఉపరితలం ఎంత మంచిదైనా ఎముక కీలును పట్టుకోకపోతే లాభం లేదు. పట్టు రెండు రకాలు. ఒకటి సిమెంట్. కాడకూ ఎముకకూ మధ్య సందును పూర్తిగా నింపి, నిమిషాల్లో గట్టిపడుతుంది. ఎముక గుల్లబారిన వృద్ధులకు ఇది మేలు. రెండోది సిమెంట్ లేని పద్ధతి. కాడ, గిన్నె ఉపరితలాన్ని గరుకుగా, రంధ్రాలతో చేస్తారు. ఎముకలోని ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీఅపటైట్ పూత వేస్తారు. వారాలు, నెలలు గడిచేకొద్దీ ఎముక ఆ గరుకులోకి పెరుగుతుంది. వయసులో ఉన్నవారికి ఎక్కువగా ఇదే వాడతారు.

సిమెంట్ లేని కాడలకు టైటానియం మిశ్రమం అనువైనది. కోబాల్ట్-క్రోమియం కంటే దాని బిరుసు దాదాపు సగం. కాడ మరీ బిరుసుగా ఉంటే బరువంతా అదే మోస్తుంది, పని తగ్గిన ఎముక పలచబడుతుంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ సంస్థ మిశ్ర ధాతు నిగమ్, అంటే మిధాని, రక్షణ, అంతరిక్ష రంగాలకు తయారుచేసే టైటానియం మిశ్రమాలతోనే శరీరంలో అమర్చే ఇంప్లాంట్లు కూడా చేస్తుంది.

ఈ ఊళ్లో క్షిపణుల పదార్థానికీ ఎముకల వైద్యానికీ పరిచయం పాతదే. పోలియో పిల్లలు కాళ్లకు కట్టుకునే మూడు కిలోల క్యాలిపర్లను అబ్దుల్ కలాం బృందం నిమ్స్ వైద్యులతో కలిసి ఆ పదార్థంతో సుమారు 300 గ్రాములకు దించింది. క్యాలిపర్ పాడైతే విప్పి మార్చుకోవచ్చు. ఒంట్లో పెట్టినదానికి ఆ వీలు లేదు. అందుకే ఇంప్లాంట్ పదార్థానికి బరువు, బలంతో పాటు దశాబ్దాల సాక్ష్యం అడుగుతారు.

చిన్న మార్పు కూడా ఎంత తేడా తెస్తుందో ఇంగ్లండ్‌లో 1970లో వచ్చిన ఎక్సెటర్ కాడ చరిత్ర చూపిస్తుంది. అద్దంలా మెరుగు పెట్టిన ఆ కాడను 1976లో గరుకుగా మార్చారు. ఆకారం దాదాపు అదే అయినా వదులయ్యేవి పెరిగాయి. నున్నటి కాడ సిమెంట్‌లో కొద్దికొద్దిగా కిందికి దిగి బిగుసుకునేది. గరుకు కాడ కదిలి సిమెంట్‌ను అరగదీసింది. 1986లో మళ్లీ మెరుగుకే వచ్చారు.

జారడం, చీము, విరగడం

అరుగుదలకు పట్టే కాలం ఎక్కువ. తొలి ఏళ్లలో కీలును దెబ్బతీసేవి వేరు. మొదటి నెలల్లో బంతి గిన్నెలోంచి జారవచ్చు. గొంతుక్కూర్చోవడం, మోకాళ్లు తుంటికంటే పైకి వచ్చేంత పల్లపు పీట మీద కూర్చోవడం, కాలు లోపలికి మెలితిప్పడం ప్రమాదకరం. భారతీయ మరుగుదొడ్డి, నేల మీద భోజనం, బాసింపట్టు అలవాటైన ఇళ్లలో ఈ నియమాలు పాటించడం కష్టం. అందువల్ల సర్జన్లు 32, 36 మిల్లీమీటర్ల పెద్ద బంతులు వాడుతున్నారు. బంతి పెద్దదైతే జారడానికి ఎక్కువ దూరం కదలాలి. చార్న్లీ బంతి 22 మిల్లీమీటర్లే. పాత ప్లాస్టిక్‌లో పెద్ద బంతి ఎక్కువ పొడి రాల్చేది, క్రాస్‌లింక్డ్ వచ్చాక ఆ భయం తగ్గింది. బంతి చుట్టూ తిరిగే మరో ప్లాస్టిక్ బంతి ఉండే ‘డ్యూయల్ మొబిలిటీ’ కీలును ఫ్రాన్స్‌లో గిల్ బూస్కే 1970లలో రూపొందించాడు. జారే ముప్పు ఎక్కువ ఉన్నవారికి అది పెడతారు.

ఇన్ఫెక్షన్ నూటికి ఒకరికి అటూ ఇటూగా వస్తుంది. క్రిములు లోహం మీద జిగురు పొర కట్టుకుని మందులకు లొంగవు. చాలాసార్లు కీలు తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంట్ దిమ్మ పెట్టి, చీము పూర్తిగా తగ్గాక కొత్తది అమర్చాలి. అదుపులో లేని షుగర్, మానని కాలి పుండు, పుచ్చిన పన్ను ఈ ముప్పును పెంచుతాయి. ముసలితనంలో కింద పడి కాడ చుట్టూ ఎముక విరగడం కీలు దెబ్బతినడానికి మరో ప్రధాన కారణం.

తెలుగు రోగి వయసు

పాశ్చాత్య దేశాల్లో తుంటి మార్పిడి ఎక్కువగా అరవై దాటినవారికి, అరుగుదల వాతం వల్ల జరుగుతుంది. మన దగ్గర ముఖ్య కారణం ఏవీఎన్, అంటే రక్తం అందక బంతి చచ్చుబడడం. మద్యం, స్టెరాయిడ్ మందులు, పాత దెబ్బలు దానికి దారితీస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాల ఆదివాసీ ప్రాంతాల్లో కనిపించే సికిల్‌సెల్ జబ్బు కూడా బంతిని చంపుతుంది. కోవిడ్ చికిత్సలో స్టెరాయిడ్లు వాడినవారిలో ఏవీఎన్ కేసులు 2021 తరువాత బయటపడ్డాయి. నడుము నుంచి తుంటి దాకా బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ మరో కారణం. ఇవన్నీ ముప్పై, నలభై ఏళ్లవారిని పట్టే జబ్బులు.

మన్నిక లెక్కలో వయసే అతిపెద్ద అంశం. 2017లో ‘లాన్సెట్’ ప్రచురించిన బ్రిటన్ అధ్యయనం ప్రకారం డెబ్బై దాటాక కీలు మార్పించుకున్నవారికి జీవితకాలంలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం 5 శాతం ఉంటే, యాభైల తొలినాళ్లలో మార్పించుకున్న మగవారికి అది అంతకు ఎన్నో రెట్లు. మేయో క్లినిక్ లెక్కలో కీలు వదులై తీయాల్సిన అవసరం పాతికేళ్లపాటు రానివారు ఎనభై దాటినవారిలో 100 శాతం, నలభైలోపువారిలో 68.7 శాతం. చిన్నవాళ్లు ఎక్కువ నడుస్తారు, ఎక్కువ బరువులెత్తుతారు, ఇంకా ఎక్కువ కాలం బతుకుతారు. విదేశీ సగటు అంకెను నలభై ఏళ్ల ఏవీఎన్ రోగికి యథాతథంగా చెప్పడం పొరపాటు అవుతుంది. అలాగని నొప్పి భరిస్తూ మంచాన పడి ఉండమని ఏ వైద్యుడూ చెప్పడు. రెండో ఆపరేషన్ వస్తుందన్న లెక్కతో మొదటిది చేయడం, ఎముకను వీలైనంత మిగల్చడం, మంచి లైనర్ ఎంచుకోవడం ఆ వయసులో చేయగలిగినవి.

లెక్క రాసే దేశాలు

ఏ కీలు మంచిదో కంపెనీ పుస్తకం కంటే బాగా చెప్పేది రిజిస్ట్రీ. స్వీడన్ 1979 నుంచి ప్రతి తుంటి మార్పిడినీ నమోదు చేస్తోంది. నార్వే 1987లో, ఆస్ట్రేలియా 1999లో, ఇంగ్లండ్-వేల్స్ 2003లో మొదలుపెట్టాయి. బోన్‌లాక్ అనే కొత్త సిమెంట్‌తో పెట్టిన కీళ్లు త్వరగా వదులవుతున్నాయని నార్వే రిజిస్ట్రీ పసిగట్టడంతో 1995లో అది మార్కెట్ నుంచి పోయింది. ఏఎస్ఆర్ దోషాన్ని ప్రపంచవ్యాప్త ఉపసంహరణకు మూడేళ్ల ముందే ఆస్ట్రేలియా చిట్టా ఎత్తిచూపింది. బ్రిటన్‌లో పదేళ్లకు 5 శాతానికి మించి తీయాల్సిరాని కీళ్లనే వాడాలన్నది 2014 నుంచి ప్రమాణం.

భారతదేశంలో తుంటి, మోకాలి సర్జన్ల సంఘం 2006లో రిజిస్ట్రీ మొదలుపెట్టింది. అందులో నమోదు స్వచ్ఛందం. అది 2013లో ఇచ్చిన తొలి నివేదికలో మోకాళ్ల మార్పిడులు 34,478 ఉంటే తుంటి మార్పిడులు 3,604. పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015లో వచ్చింది. 2018 జనవరి నుంచి అమల్లో ఉన్న వైద్య పరికరాల నిబంధనలు ఇంప్లాంట్లకు లైసెన్సు, నాణ్యత నియమాలు పెట్టాయి. ప్రతి ఆపరేషన్‌నూ తప్పనిసరిగా లెక్కలోకి తెచ్చే వ్యవస్థ లేనంతవరకు రోగి దగ్గరున్న కాగితాల విలువ ఎక్కువ.

ఆపరేషన్ తరువాత

ఇంప్లాంట్ పెట్టె మీద చిన్న స్టిక్కర్లు ఉంటాయి. కంపెనీ పేరు, సైజు, ‘రెఫ్’ నంబరు, ‘లాట్’ నంబరు వాటి మీద అచ్చయి ఉంటాయి. ఆపరేషన్ థియేటర్‌లో వాటిని ఊడదీసి కేస్‌షీట్‌లో అంటిస్తారు. కాడకొకటి, బంతికొకటి, గిన్నెకొకటి, లైనర్‌కొకటి. వాటి నకలు డిశ్చార్జి సమ్మరీతో పాటు అడిగి తీసుకోవాలి. ఏదైనా మోడల్‌ను కంపెనీ వెనక్కి పిలిస్తే తన కీలు అందులో ఉందో లేదో తేల్చేది ఆ లాట్ నంబరే. ఇరవై ఏళ్ల తరువాత లైనర్ ఒక్కటే మార్చాలన్నా, గిన్నె ఏ కంపెనీదో, ఏ సైజో తెలిస్తేనే సరిపడే లైనర్ తెప్పించగలుగుతారు. తెలియకపోతే గట్టిగా పట్టి ఉన్న గిన్నెను కూడా పెకలించాల్సి రావచ్చు.

ఆపరేషన్ అయిన కొత్తలో తీసిన ఎక్స్‌రే దాచి ఉంచుకోవాలి. అందులో బంతి గిన్నె మధ్యలో ఉంటుంది. ఏళ్లు గడిచాక బంతి పైఅంచు వైపు జరిగితే లైనర్ అరిగినట్టు. కాడ చుట్టూ నల్లటి గీత వెడల్పవుతుంటే వదులవుతున్నట్టు. పాత ఫిల్మ్ పక్కన పెట్టి చూస్తేనే ఈ తేడాలు తెలుస్తాయి. నొప్పి లేకపోయినా మొదటి ఏడాది తరువాత కొన్నేళ్లకోసారి ఎక్స్‌రే తీయించమనడంలో ఉద్దేశం ఇదే. గజ్జల్లోనో తొడలోనో కొత్తగా నొప్పి, కూర్చుని లేచి వేసే మొదటి అడుగుకే పోటు, కాలు పొట్టయినట్టు అనిపించడం, జ్వరం, కుట్టు దగ్గర తడి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

తీసి పెట్టే రివిజన్ ఆపరేషన్ మొదటిదానికంటే పెద్దది. రక్తం ఎక్కువ పోతుంది, కరిగిన ఎముక చోట వేరే ఎముకనో లోహపు దిమ్మనో నింపాలి, పొడవాటి కాడ దించాలి. ఖర్చూ ఎక్కువే, రెండో కీలు సాధారణంగా మొదటిదంత కాలం నిలవదు. ఎముక ఇంకా మిగిలి ఉండగా లైనర్, బంతి మార్చుకుంటే పని తేలికవుతుంది. అదే కాడ ఊగులాడేదాకా ఆగితే ఆపరేషన్ చాలా కష్టమవుతుంది. ఒంటి బరువు అదుపు, పడిపోకుండా జాగ్రత్త, షుగర్ అదుపు, గెంతడం, పరుగు పందేలు, మోయలేని బరువులు మానుకోవడం రోగి చేతుల్లో ఉన్నవి. నడక, ఈత, సైకిల్ కీలుకు హాని చేయవు.